చిన్నమ్మ ఫ్లాస్కు

శుక్రవారం లోపు చేయాల్సినవి:

ఆరు ఫ్లాస్కుల్లో మీడియం మార్చాలి.
ఇంక్యుబేటర్ అడుగు ట్రేలో నీళ్ళు నింపాలి.
నైట్రోజన్ వాళ్ళకు ఫోన్ చేయాలి. ఈసారి ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పాలి.
పేపరు మూడో బొమ్మలో అక్షరాలు పెద్దవి చేయాలి. మేడమ్ ఇప్పటికే రెండుసార్లు చెప్పారు.
గుర్తింపు పరీక్ష ఫలితం వచ్చిందేమో చూసి, జర్నల్‌కు పంపే కాగితాలకు జతచేయాలి.
గురువారం సారయ్య కాకా వస్తాడు. కింద గేటు దగ్గర పేరు రాయించాలి.

సోమవారం పొద్దున నవీన ఈ చీటీ రాసి, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపుకు అంటించింది. చీటీలు రాయడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ఇంట్లో చదువుకున్నది తనొక్కతే కాబట్టి రేషను కార్డు పనుల నుంచి నాన్న మందుల దాకా ఏది మరిచిపోయినా తప్పు తనదే అయ్యేది. అందుకే అన్నీ రాసుకునేది. ఆ చీటీలోని ఆరు పనుల్లో ఐదోది అన్నిటికన్నా తేలిక అనుకుంది. మెయిల్ తెరిచి చూడటమే కదా.

ఆమె పనిచేసే ల్యాబు పంజాగుట్ట నుంచి సోమాజిగూడ వైపు వెళ్ళే ఒక సందులో, క్యాన్సర్ ఆసుపత్రి వెనక, మూడో అంతస్తులో ఉంటుంది. ఉండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక లేడీస్ హాస్టల్లో. మొదటి ఏడాది ఆ దారిలో కరపత్రాలు పంచేవాళ్ళు రోజూ ఆపి జావా నేర్చుకుంటారా మేడమ్ అని అడిగేవాళ్ళు. తర్వాత ఆమె మొహం గుర్తుపట్టి వదిలేశారు. ఉద్యోగం పేరు ప్రాజెక్టు ఫెలో. బీడీలు చుట్టే తల్లికి ఆ మాట నోరు తిరగక, అడిగినవాళ్ళందరికీ "మా పిల్ల క్యాన్సర్ మీద చదువుతున్నది" అని చెప్పుకునేది.

ఆ మాటలో అబద్ధం లేదు. క్యాన్సర్ ఒకచోట పుట్టి ఇంకోచోటికి ఎలా పాకుతుందన్నదే ఆ ల్యాబులో పని. రోగిని చాలాసార్లు మొదట పుట్టిన గడ్డ చంపదు. అందులోంచి బయలుదేరిన కణాలు నెత్తుటిలో పడి ఎముకకో, ఊపిరితిత్తికో చేరి అక్కడ కాపురం పెట్టినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. బయలుదేరినవాటిలో దాదాపు అన్నీ దారిలోనే చస్తాయి. చావకుండా మిగిలిన ఆ ఒకటీ అరా కొత్తచోట మొదటి రోజులు ఎలా గడుపుతాయి? నవీన మూడేళ్ళుగా వెతుకుతున్నది దీనికి జవాబే.

ఆ జవాబు వైపు మొదటి అడుగు ఆమెతో వేయించినది ఒక రోగి. పేరు వజ్రమ్మ.

రెండున్నరేళ్ళ కిందటి మాట. వజ్రమ్మకు రొమ్ములో మొదలైన జబ్బు ఊపిరితిత్తుల పొర దాకా పాకి, అక్కడ నీరు చేరుతుండేది. వారానికోసారి ఆ నీరు తీసి పారబోసేవాళ్ళు. ఆ నీటిలో బతికున్న కణాలుంటాయి. పారబోసే బదులు ల్యాబుకు ఇమ్మని, దాంతోపాటు కొంచెం రక్తం కూడా ఇమ్మని అడిగి, అంగీకార పత్రం మీద వేలిముద్ర తీసుకురమ్మని మేడమ్ నవీనను వార్డుకు పంపారు.

పత్రం తెలుగులోనే ఉంది. కానీ అందులో 'స్థానాంతర వ్యాప్తి' అని ఉంది. అంటే ఏందని వజ్రమ్మ అడిగింది. నవీన కొంచెం తడుముకుంది. తర్వాత తన ఇంటి భాషలోకి దిగి, ఒక్కతాన పుట్టింది ఇంకోతాన పోయి మొలుస్తది చిన్నమ్మా అంది. ఆ చిన్నమ్మా అన్న పిలుపు దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది.

"నాటు," అంది వజ్రమ్మ. "నారుమడిల పోస్తం, పీకి పొలంల నాటుతం. గదే గద బిడ్డా? దానికి గింత పెద్ద పేరు వెట్టిన్రా?"

వజ్రమ్మది జనగాం దిక్కు. పెళ్ళయిన నాటి నుంచీ నాట్లు వేసిన చెయ్యి. బోర్లు ఎండి పొలం పోయాక మొగుడు సారయ్యతో పట్నం వచ్చింది. మైత్రీవనం పక్కనే కోచింగ్ సెంటర్లున్న ఒక బిల్డింగులో సారయ్యకు లిఫ్టు నడిపే పని దొరికింది. ఆ బిల్డింగు అంతస్తులన్నీ ఊడ్చి తుడిచే పని వజ్రమ్మకు దొరికింది. ఇరవై ఏళ్ళు ఊడ్చింది. అయినా వానలు మొదలైతే చేతులు గులగుల అంటయని, బురద కోసం వెతుక్కుంటయని చెప్పి నవ్వింది.

నవీన ఇంకో ప్రశ్న అడిగింది. పత్రంలో లేని ప్రశ్న, ఊరికే తెలుసుకోవాలని అడిగింది. నాటు వేసిన వెంటనే మొక్క పెరగడం మొదలుపెడుతుందా?

"యాడిది. పీకినప్పుడు ఏర్లు తెగుతయి గద. మూడునాలుగొద్దులు పసుపుపచ్చగైతది, పండుకుంటది. కొత్తోళ్ళు సూసి పంట పోయిందని ఏడుస్తరు. గప్పుడే ముట్టొద్దు. జర నీళ్ళు నిలవెట్టి ఊకోవాలె. ఏడొద్దులకు లేస్తది సూడు, ఇగ ఆగదు."

నవీన ఆ మాటలను అక్కడే పత్రం వెనక రాసుకుంది. పాకిన కణం కూడా కొత్తచోట మొదట పండుకుంటుందేమో, మందులు పెరిగే కణాలనే చంపుతాయి కాబట్టి పండుకున్నవి తప్పించుకుంటాయేమో అన్న ఆలోచన ఆమెకు వార్డు మెట్లు దిగుతుండగా వచ్చింది. ఇలాంటి సంగతి మీద పెద్ద పెద్ద ల్యాబులు పనిచేస్తున్నాయని తర్వాత చదివి తెలుసుకుంది. కానీ ఆమెకు మొదట చెప్పింది మాత్రం వజ్రమ్మే.

వేలిముద్ర వేసే ముందు వజ్రమ్మ, నా పేరు రాస్తరా అని అడిగింది. రోగుల పేర్లు రాయకూడదని రూలుందని, నంబరు వేస్తారని నవీన చెప్పింది.

"నంబరెందుకు, నేనేమన్న ఖైదీనా? పేరు రాస్తె ఏమైతది, దొంగతనం జేసిన్నా?" అని నవ్వి, సిరా పూసిన బొటనవేలు కాగితం మీద నొక్కింది. నొక్కి, తీయకుండానే అంది: "ఇగ నేనెట్లా ఉండ. నీళ్ళల్ల గవి బతికుంటె మా ఆయనకు జెప్పు బిడ్డా. గదొక్కటి జెయ్యి."

నవీన చెప్తానంది. మూడో వారానికి వజ్రమ్మ చనిపోయింది.

పేరు రాయకూడదు. నంబరు రాయడానికి నవీనకు చెయ్యి రాలేదు. రిజిస్టర్లో నంబరు వేసి, ఫ్లాస్కు మీద మాత్రం నల్ల మార్కరుతో 'చి' అని రాసింది. చిన్నమ్మ అని. ల్యాబులో అప్పటికే ఒక పెద్దమ్మ ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట ఏదో దేశంలో ఎవరో స్త్రీ నుంచి తీసిన కణాలవి. ప్రపంచంలో ఎక్కడ పడితే అక్కడ పెరుగుతున్నాయి. ఎంత అనుభవం లేని చేతుల్లో పెట్టినా చావవు, రెండు రోజుల్లో ఫ్లాస్కు నింపేస్తాయి. కొత్తగా చేరినవాళ్ళంతా వాటి మీదే పని నేర్చుకుంటారు కాబట్టి వాటికి పెద్దమ్మ అని పేరు పడింది. పెద్దమ్మ ఇంటికి చిన్నమ్మ వచ్చిందని అందరూ నవ్వుకున్నారు. ఆ మాట మొదట అన్నది రాఘవేందర్.

రాఘవేందర్ అక్కడ అందరికన్నా సీనియరు. వరంగల్ మనిషి. నవీనకు పిపెట్ పట్టుకోవడం నేర్పింది అతనే. హాస్టల్ చూపించింది అతనే. మొదటిసారి మేడమ్ అందరి ముందూ కసిరినప్పుడు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే చాయ్ తెచ్చిచ్చి, ఇక్కడ అందరం ఒక్కసారన్న ఏడ్చినోళ్ళమే చెల్లె అన్నదీ అతనే. ఆమె అతన్ని అన్నా అనే పిలిచేది. అది ఊరికే నోటిమాటగా పిలిచిన పిలుపు కాదు.

మీడియం అనే పోషక ద్రవం పోసినా చిన్నమ్మ కణాలు ఫ్లాస్కు అడుగున అంటుకున్నాయి గానీ పెరగలేదు. ముడుచుకుని, అంచులు ముదిరి, వాడిపోయినట్టు కూర్చున్నాయి. సరిగ్గా అప్పుడే నవీనకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. హాస్టల్ వార్డెన్ ఒక్క పూట కూడా ఉండనివ్వలేదు. ఊరికి బస్సెక్కే ముందు నవీన చీటీ రాసి ఫొటో తీసి రాఘవేందర్‌కు పంపింది. అందులో మొదటి వాక్యం, చి ఫ్లాస్కు ఏడు రోజుల దాకా ముట్టొద్దన్నా, ఆ తర్వాత కూడా సగం మీడియం మాత్రమే మార్చాలి.

రెండు వారాల తర్వాత తిరిగొచ్చి మైక్రోస్కోపులో చూస్తే ఫ్లాస్కు నిండా కణాలే. కాలు పెట్టే సందు లేదు. నవీన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచింది, చిన్నమ్మ చెప్పినట్టే లేచింది అని ల్యాబంతా తిరిగి చెప్పింది. అమీర్‌పేట చౌరస్తాకు పోయి అరకిలో పేడాలు తెచ్చి పంచింది. వజ్రమ్మకు మాటిచ్చినట్టే సారయ్యకు కబురు పంపింది.

సారయ్య తన సెలవు రోజైన గురువారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చెప్పులు బయట విడిచాడు. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. ఐదు నిమిషాలకు మేడమ్ ఎలాగో ఒప్పుకున్నారు. అతను మైక్రోస్కోపు మీదికి వంగి చాలాసేపు చూశాడు. చూసి, "కదులుతలేదేంది," అన్నాడు. కదులుతాయి గానీ మన కంటికి కనపడనంత మెల్లగా అని నవీన చెప్పింది. అతను తలూపి, రెండు చేతులూ జోడించాడు. ఆ దండం ఎవరికో ఆమె అడగలేదు.

అప్పటి నుంచి దాదాపు ప్రతి గురువారం వచ్చేవాడు. లోపలికి రాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని, మంచిగున్నదా అని అడుగుతాడు. మంచిగున్నది కాకా అని ఆమె చెప్తుంది. కొన్నిసార్లు వజ్రమ్మ ముచ్చట ఒకటి చెప్తాడు. నాట్లేసేటప్పుడు అందరికన్నా ముందు గట్టుకు చేరి వెనకబడ్డోళ్ళను ఎట్లా ఎక్కిరించేదో, లిఫ్టు ఎక్కడానికి భయపడి ఐదంతస్తులూ మెట్లెక్కే ఊడ్చేదో. చెప్పి, లేచి వెళ్తాడు.

పని మాత్రం నవీన అనుకున్నట్టు సాగలేదు. ఆ ఫ్లాస్కు కణాలను ఎముక ముక్కల మీద వేసినా, జిగురు పొరల మీద వేసినా ఒక్క పూట కూడా పండుకోలేదు. వేసిన వెంటనే పాకాయి, పెరిగాయి. పదిసార్లు చేసినా అంతే. మేడమ్, అంటే ల్యాబు పెద్ద డాక్టర్ రత్నమాల, కోస్తావారు, మాటలో కఠినం, పనిలో శుభ్రం. ఆమె అంకెలన్నీ చూసి, పొలం ముచ్చట్లు బాగుంటాయి కానీ అవి సైన్సు కాదమ్మా అన్నారు. పేపరు దానికి తగ్గట్టే తయారైంది. ఈ రోగి కణాలు కొత్తచోట విశ్రాంతి తీసుకోవని, నేరుగా పెరుగుతాయని అందులో రాశారు. నవీన పేరు మొదట, రాఘవేందర్ పేరు తర్వాత. వజ్రమ్మ చెప్పినది తప్పని వజ్రమ్మ కణాలే చెబుతున్నాయని నవీన నమ్మింది. తన ఆలోచన ఓడిపోయినందుకు కొన్నాళ్ళు సిగ్గుపడింది కూడా.

ఇప్పుడు జర్నల్ వాళ్ళు ఒక మామూలు సంగతి అడిగారు. మనుషులకు వేలిముద్రలున్నట్టే కణాలకూ గుర్తులుంటాయి. ఫ్లాస్కులోని కణాలూ, దాచి ఉంచిన రోగి రక్తమూ ఒకరివేనని బయటి ల్యాబుతో పరీక్ష చేయించి పంపమన్నారు.

మంగళవారం మధ్యాహ్నం నవీన ఆ మెయిల్ తెరిచింది. ఫ్లాస్కు కణాలు రక్తంతో కలవలేదు. ఒక పాత కణాల గుర్తులతో మాత్రం నూటికి నూరుపాళ్ళు కలిశాయి. ఆ పాత కణాల నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ల్యాబులో మొదటి రోజు నుంచీ రాస్తున్నది ఆ నంబరే. పెద్దమ్మ.

మొదట తన తప్పే అనుకుంది. ఎక్కడో ఒక చుక్క పడి ఉంటుంది, తన చెయ్యే వణికి ఉంటుంది. గంటసేపు అదే వెతికింది. తర్వాత పాత రిజిస్టర్లు తీసింది. తను అమ్మవారితో ఊళ్ళో పడుకున్న ఐదో రోజు తేదీ మీద, కణాలను గడ్డకట్టించి దాచే నైట్రోజన్ డబ్బాలోంచి పెద్దమ్మ సీసా ఒకటి బయటికి తీసినట్టు ఉంది. ఎందుకు తీశారో రాసే గడి ఖాళీ. చేతిరాత రాఘవేందర్‌ది.

ఆ సాయంత్రం పంజాగుట్ట మెట్రో కింద చాయ్ బండి దగ్గర అతన్ని నిలబెట్టి అడిగింది. అతను బుకాయించలేదు. ఎప్పుడో ఒకరోజు అడుగుతుందని ఎదురుచూసినవాడిలా గ్లాసు కింద పెట్టి చెప్పాడు. ఆ కణాలు చచ్చిపోయాయనుకున్నాడట. ఇంకో నెలలో ప్రాజెక్టును తనిఖీ చేసే కమిటీ రావాల్సి ఉందట. ఫ్లాస్కు ఖాళీ అని తెలిస్తే ప్రాజెక్టు ఆపేసేవాళ్ళు, ఆమె ఫెలోషిప్ పోయేది. అందుకని వాటిలో బ్లీచ్ పోసి, కొత్త ఫ్లాస్కులో పెద్దమ్మను వేసి, పైన 'చి' అని రాశాడు.

"నీకోసమే చేసిన చెల్లె. ఒట్టు."

"ఎన్నొద్దులు సూసినవన్నా?"

"నాలుగు."

"ఏడొద్దులు ముట్టొద్దని చీటీల రాసిన గద."

"నువ్వు చీటీల మస్తు రాస్తవ్," అన్నాడు అతను నవ్వబోయి. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అప్పుడు అర్థమైంది నవీనకు. ఆ కణాలు చావలేదేమో. పండుకున్నాయేమో. వజ్రమ్మ చెప్పినదాన్ని వజ్రమ్మ కణాలు ఆ ఫ్లాస్కు అడుగున చేసి చూపిస్తుంటే, కొత్తగా పొలం చూసినవాడిలా చూసి, పంట పోయిందని బ్లీచ్ పోశాడేమో. ఇప్పుడది ఎవరూ తేల్చలేరు. తేల్చడానికి ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.

"నేను పేడాలు పంచిన. నువ్వు సుత తిన్నవ్."

అతను రోడ్డు మీద ఆగిన బస్సు వైపు చూశాడు. "అందరు తింటున్నరు. నేనొక్కన్ని తినకుంటె నువ్వేమనుకుంటవో అని తిన్న."

తర్వాత ఉపాయం కూడా చెప్పాడు. వజ్రమ్మ రక్తం ఇంకో ట్యూబు ఫ్రీజర్లో ఉంది. దాన్నే ఫ్లాస్కు శాంపిల్ అని రాసి మళ్ళీ పంపితే రక్తంతో రక్తం కలుస్తుంది. మొదటిసారి ట్యూబులు మారాయని చెప్పొచ్చు. ఎవరికీ నష్టం లేదు. "గా ముసలాయనకు గా సంతోషమన్న ఉండనియ్యి. నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ సంగతి సుత జర సోంచాయించుకో."

నవీన చాయ్ తాగకుండానే నడుచుకుంటూ అమీర్‌పేట వెళ్ళిపోయింది. దారిలో ఒక కొత్త పిల్ల కరపత్రం చేతిలో పెడితే తీసుకుని, మడిచి, హాస్టల్ దాకా పట్టుకునే ఉంది.

బుధవారం పొద్దున మేడమ్ గదిలోకి వెళ్ళి ఫలితం, రిజిస్టరు రెండూ బల్ల మీద పెట్టింది. జరిగినదంతా చెప్పింది. రత్నమాల గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. ఎలా జరిగిందని అడగలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నారు.

లేదంది. రాఘవేందర్‌ను పిలిపించారు. అతను వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నవీన చెప్పింది నిజమేనా అని మేడమ్ అడిగారు.

"నాకంత గుర్తులేదు మేడమ్. రెండేళ్ళ కిందటి ముచ్చట. ఒకే హుడ్ కింద రెండు రకాల కణాలు నడుస్తుండె. ఏదన్న కలిసిపోయిందేమో."

నవీన అతని మొహంలోకి చూసింది. నిన్న సాయంత్రం ఒట్టు వేసిన నోరే అది. అతను ఆమె వైపు తిరగలేదు. కిటికీలోంచి ఎర్రమంజిల్ వైపు పోతున్న మెట్రో రైలును అది కనిపించినంతసేపూ చూశాడు. సీసా తీసినట్టు రిజిస్టర్లో ఉన్న రాతను ఆమె చూపించింది. ఏదో ప్రాక్టీసుకు తీసుంటాను మేడమ్ అన్నాడు.

మేడమ్ రిజిస్టరు మూసి పక్కకు జరిపారు. ఆమెకు తెలిసిపోయిందని నవీనకు తెలిసింది. తెలిసినా ఆమె ఎంచుకున్న మాట వేరు. పొరపాటంటే జర్నల్ వాళ్ళు అర్థం చేసుకుంటారని, మోసమంటే ల్యాబే మిగలదని, ఇందులో ఇంకా పదకొండు మంది బతుకులున్నాయని మెల్లగా చెప్పారు. పేపరు వెనక్కి తీసుకుందాం. ఉత్తరం తనే రాస్తానన్నారు.

"ఫ్లాస్కు రిజిస్టర్ నీ పేరు మీదే ఉంది కదమ్మా. ఏం చేస్తాం."

మధ్యాహ్నానికి ఆ ఉత్తరం తయారై సంతకాలకు వచ్చింది. కణాలను చూసుకునే జూనియర్ ఫెలో అజాగ్రత్త వల్ల కలగలుపు జరిగిందని, చింతిస్తున్నామని అందులో ఉంది. కింద ముగ్గురి సంతకాలకు చోటు. ఆ ఒక్క వాక్యం తీసేయమని నవీన అడిగింది. తీసేస్తే కారణం ఏం రాయాలని మేడమ్ తిరిగి అడిగారు.

సంతకం పెట్టకపోతే? ఉత్తరం ఆగుతుంది. ఉత్తరం ఆగితే ఫ్రీజర్లోని రెండో రక్తం ట్యూబు ఎవరి చేతికైనా అంది, ఫ్లాస్కు శాంపిల్‌గా పరీక్షకు పోతుంది. అప్పుడు పేపరు అచ్చవుతుంది. వజ్రమ్మ కణాలు అలా పండుకోవని, వజ్రమ్మ నుంచి రాని కణాల మీద, వజ్రమ్మ నంబరుతో, తన పేరుతో. తప్పు తన పేరున పడితే పడనీ, చిన్నమ్మ మీద అబద్ధం అచ్చు కాకూడదనుకుంది. సంతకం పెట్టింది. అదే పెన్ను తీసుకుని రాఘవేందర్ కూడా పెట్టాడు. పెన్ను ఆమెకు తిరిగిచ్చేటప్పుడు అలవాటు కొద్దీ థాంక్స్ చెల్లె అన్నాడు.

గురువారం సారయ్య వచ్చాడు. చీటీలో ఆరో పని. గేటు దగ్గర పేరు రాయించింది.

బెంచీ మీద కూర్చుని, మంచిగున్నదా అని అడిగాడు. రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు ఆమె దగ్గర ఒకే జవాబు. ఆమె అతని పక్కన కూర్చుంది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేకపోయింది. చిన్నమ్మ కణాలు లేవని, మొదటి నెలలోనే పారబోశారని, ఫ్లాస్కులో ఉన్నవి వేరే ఆమెవని, తనకూ మొన్ననే తెలిసిందని ఒక్కొక్కటీ చెప్పింది. ఎవరు చేశారో కూడా దాచలేదు.

సారయ్య చాలాసేపు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"మరి నేను సూసింది ఎవల్ని?"

"వేరే ఆమె కాకా. వేరే దేశం ఆమె. ఎప్పుడో సచ్చిపోయింది."

"ఆమె పేరేంది?"

"తెల్వదు. మేం పెద్దమ్మ అంటం."

"పేరు సుత తెల్వదా మీకు?" అన్నాడు. అతని గొంతు పెరగలేదు. ఎవరో పసిపిల్లను అడిగినట్టు అడిగాడు. "గామెకు దండం పెట్టిన. తప్పేం లేదు, గామె సుత ఎవలకో పెండ్లామే. గని మా దానికి సంవత్సరీకం నాడు సుత ఏడ్వలేదు బిడ్డా నేను. ఈడ మీ తాన బతికే ఉన్నదని ఏడ్వలేదు."

లేచాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. నవీన మెట్ల దాకా వెంట వెళ్ళింది. అతను వెనక్కి చూడకుండా దిగిపోయాడు.

తర్వాతి గురువారం రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. నవీన గేటు దగ్గర రెండు వారాలూ పేరు రాయించి, రెండు వారాలూ కొట్టేయించింది. ఈలోగా ఆమె రిజిస్ట్రేషన్ కాగితాలు మేడమ్ బల్ల మీదే ఆగిపోయాయి. ఇప్పుడే వద్దులే, కొంచెం సద్దుమణగనీ అన్నారు. రాఘవేందర్‌కు బెంగళూరులో కొత్త ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు అతను పేడాలు పంచాడు. నవీన తీసుకోలేదు.

మూడో సోమవారం పొద్దున ఆమె ల్యాబుకు పోకుండా మైత్రీవనం పక్క బిల్డింగుకు వెళ్ళింది. లిఫ్టు ముందు భుజాలకు బ్యాగులేసుకున్న పిల్లలు వరసగా నిలబడ్డారు. తలుపు తెరుచుకుంది. లోపల స్టూలు మీద సారయ్య. ఆమెను చూశాడు. చూసి, మిగతా అందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఎన్నోది?"

ఆమె లోపలికి ఎక్కింది. పిల్లల మధ్య ఒత్తుకుని నిలబడింది. లిఫ్టు రెండులో ఆగింది, మూడులో ఆగింది, ఐదులో అందరూ దిగిపోయారు. ఆమె దిగలేదు. అతను తలుపు మూసి కిందికి బటన్ నొక్కాడు.

"నీ మీద కోపం లేదు," అన్నాడు గోడ వైపు చూస్తూ. "నువ్వు జెప్పకుంటె నాకేం ఎరుక. ఇంకా దండాలు పెడుతుండేటోన్ని." నాలుగు దాటింది. మూడు దాటింది. "ఆమె ఇచ్చింది గద, నీళ్ళు, నెత్తురు, ముచ్చట. మీ తాన ఏం మిగలలేదు. ఏడన్న రాయి బిడ్డా. నంబరు గాదు. పేరు పెట్టి రాయి. పేరు రాస్తె ఏమైతదని తనే అన్నదన్నవ్ గద."

కింద తలుపు తెరుచుకుంది. కొత్తగా ఇంకో పదిమంది పిల్లలు లోపలికి తోసుకొచ్చారు. నవీన బయటికొచ్చి నిలబడింది. వెనక సారయ్య గొంతు, ఎన్నోది, ఎన్నోది అని అడుగుతూ మళ్ళీ పైకి పోయింది.

జర్నల్లో ఆ పేరు రాదు. రిజిస్టర్లో రాయనివ్వరు. అందుకే ఇక్కడ రాయాల్సి వచ్చింది. ఈ కథ చదివినవాళ్ళు నవీనను మరిచిపోయినా ఫరవాలేదు, ఆమెను మోసం చేసినవాళ్ళను అంతకన్నా ముందే మరిచిపోవచ్చు. ఒక్క మనిషిని మాత్రం గుర్తుపెట్టుకోండి. అమీర్‌పేటలో ఐదంతస్తులు ఇరవై ఏళ్ళు ఊడ్చింది. పీకి నాటినది మొదట పండుకుంటుందని, అప్పుడు ముట్టొద్దని, ఏడు రోజులు ఆగమని చెప్పింది. చెప్పినది నిజమో కాదో తేలకుండానే పారబోశారు. ఆమె పేరు వజ్రమ్మ.